పదిహేడో నంబరు మినుములు

భీమరాజు గారికి సంతోషం వస్తే ముందు కళ్ళజోడు తీసేస్తారు, తర్వాత ఫోను ఎత్తుతారు. కళ్ళజోడు లేకపోతే అంకెలు కనబడవు కాబట్టి రెండు రాంగ్ నంబర్లు వెళ్ళాక గాని ఆ రోజు పేపరు విలేకరి దొరకలేదు.

"ముప్పై ఒకటండి! ఆయ్, ప్రొటీనే. సోయా కాదండీ బాబూ, మినుములు! మన మినుములు!"

బల్లకి ఇవతల నిలబడ్డ ప్రణతి ఆయన ముందున్న కాగితాన్ని తలకిందులుగా చదువుతోంది. అందులో రెండే అంకెలున్నాయి. పదిహేడో నంబరు మినుములకి ముప్పై ఒక శాతం. దాని కింద, పోలిక కోసం పక్క మడిలో వేసిన నాటు మినుములకి ఇరవై ఎనిమిది. భీమరాజు గారు పై అంకె దగ్గర ఆగిపోయారు. ప్రణతి కింది అంకె దగ్గర ఆగిపోయింది.

కాలవగట్టు పక్కనున్న ఆ పప్పుధాన్యాల పరిశోధన కేంద్రంలో భీమరాజు గారు పెద్ద సైంటిస్టు, ప్రణతి చిన్న సైంటిస్టు. చిన్న సైంటిస్టు అంటే బురదలో దిగడం, గింజలు ఏరడం, కంప్యూటర్ మొరాయిస్తే దాని నెత్తిన ఒక్కటిచ్చి మళ్ళీ ఆన్ చెయ్యడం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె ఒక పని మొదలుపెట్టింది. ఇంట్లో ఇడ్లీకి నానబోసే మామూలు మినుముకీ, రంపచోడవరం కొండల్లో దొరికిన అడవి మినుముకీ పెళ్ళి చేసింది. అడవి మినుములో మాంసకృత్తులు మెండు. అంతకు మించి దాని గురించి చెప్పుకోవడానికి మంచిమాట ఒక్కటీ లేదు. ఆవగింజకి అన్నయ్యలా ఉంటుంది, కాయ ఎండగానే టప్పున పేలి గింజల్ని పక్క చేలోకి విసిరేస్తుంది. చిన్న మొగ్గని పట్టకారుతో విప్పి, కేసరాలు తీసేసి, పక్క మొక్క పుప్పొడి అద్దితే పదింట్లో తొమ్మిది రాలిపోయేవి. నిలిచినవాటిలోంచి ఏటా ఏరుతూ, పారేస్తూ, మళ్ళీ ఏరుతూ వస్తే చివరికి మిగిలింది పదిహేడో వరస. గింజ మామూలు మినుమంత ఉంది, కాయ పేలదు. ఇక తేలాల్సింది ఒక్కటే, లోపల ప్రొటీన్ అడవి తల్లిది వచ్చిందా, ఇంటి తండ్రిది వచ్చిందా అని.

ఆ తేలడానికి కూడా గడువుంది. సోమవారం కాకినాడలో సమావేశం. రాష్ట్రంలోని ఒక్కో కేంద్రం ఒక్క రకాన్నే ముందుకి పంపాలి. పంపినదాన్ని మిగతా కేంద్రాలన్నీ తమ నేలల్లో వేసి, తమ ల్యాబుల్లో పరీక్షిస్తాయి. పంపనిది గోదాంలో పురుగులకి భోజనం. ఈ రెండువేల మూడో సంవత్సరం సీటుకి ఇద్దరు పోటీ. ఒకటి పదిహేడు. రెండోది పక్క గదిలో కూర్చునే శ్రీనివాసరాజు గారి లావు గింజ మినుము. చూడ్డానికి ముద్దొస్తుంది, ప్రొటీన్ గురించి మాత్రం అడక్కూడదు.

భీమరాజు గారు ఫోను పెట్టేశారు. "ఏమ్మా ప్రణతీ, అలా ఉన్నావేంటి? నవ్వు."

"సార్, నాటు మినుము ఇరవై ఎనిమిది ఏంటండి? అదెప్పుడూ ఇరవై నాలుగు దాటలేదు కదా?"

"ఈ ఏడు మనం వేసింది సుబ్బాయమ్మ గారి చేలో కదమ్మా. ఆ భూమి బలం అలాంటిది."

"భూమి బలానికి దిగుబడి పెరుగుతుంది గానీ, ప్రొటీన్ ఒక్కసారిగా నాలుగు శాతం..."

"అందరికంటే పైనున్నది పదిహేడే కదా? చాలు." ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని ఆమెని ప్రేమగా చూశారు. "ఒక పని చెయ్యి. కాకినాడ సమావేశాల్లో ఎప్పుడూ కాజాలే పెడతారు. తిని తిని విసుగొచ్చింది. విత్తనానికి పక్కన పెట్టగా మిగిలిన పదిహేడో నంబరు మినుములు తీసుకెళ్ళి, సుబ్బాయమ్మ గారి చేత సున్నుండలు చేయించు. ముప్పై ఒక శాతం సున్నుండ! నోట్లో పెట్టుకుంటే ఇంకెవడైనా ఎదురు మాట్లాడతాడా?"

ప్రణతి తిన్నగా ల్యాబుకి వెళ్ళింది. అక్కడ సత్యకుమారి గాజు గొట్టాలు కడుగుతోంది. ఇద్దరూ ఒకే కాలేజీ, ఒకే హాస్టలు. ఒకళ్ళ సబ్బు ఇంకొకళ్ళు వాడుకున్న స్నేహం.

"నా చేతి మీద అనుమానమైతే నువ్వే చేసుకో," అంది సత్యకుమారి, ప్రణతి నోరు తెరవకముందే. "మూడుసార్లు చేశా. యాసిడ్ మార్చి చేశా. అదే అంకె."

"నీ చేతి మీద కాదే, ఆ నాటు మినుము మీద నా అనుమానం. మా అమ్మమ్మ కాలం నుంచి ఇరవై నాలుగు మార్కులు తెచ్చుకునే మొద్దు, ఈ ఏడు ఇరవై ఎనిమిది ఎలా తెచ్చుకుంది? ట్యూషన్ పెట్టించుకుందా?"

"కాపీ కొట్టుంటుంది."

ఇద్దరూ నవ్వారు గానీ ప్రణతికి ఆ మాట మనసులో ఉండిపోయింది. ఎందుకంటే ఈ పరీక్షని మోసం చెయ్యొచ్చు. గింజని యాసిడ్‌లో మరిగించి, అందులోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి, ఆ అమ్మోనియాని కొలుస్తారు. నత్రజని ఇంత ఉంది కాబట్టి ప్రొటీన్ ఇంత ఉండాలని లెక్క కడతారు. ఆ నత్రజని గింజదేనా, దార్లో ఎవరైనా చేబదులు ఇచ్చారా అని పరీక్షకి అనుమానం రాదు.

కానీ ఎవరిస్తారు? డిసెంబరు వానకి కేంద్రం మడి మునిగిపోవడంతో ఈ ఏడు పంటంతా సుబ్బాయమ్మ గారి చేలోదే. వరి కోయకముందే తడి నేల మీద మినుములు చల్లింది ప్రణతే. కోత రోజున గట్టు మీద నిలబడిందీ ఆమే. గింజలు పోసుకోమని కేంద్రం నీలిముద్ర ఉన్న తెల్లటి గుడ్డ సంచులు ఇచ్చిందీ ఆమే. తర్వాత గింజలతో సహా తెచ్చుకున్నప్పుడు ఆ సంచులు ఇచ్చినప్పటికంటే తెల్లగా, ఇస్త్రీ మడతలతో ఉన్నాయి. ఎంత శ్రద్ధో అని అందరికీ చూపించి మరీ మురిసిపోయింది.

మర్నాడు శుక్రవారం. పదిహేడో నంబరు మినుములు డబ్బాలో పోసుకుని, స్కూటీ మీద కాలవ వెంట బయల్దేరింది. దారికి అటూ ఇటూ చేపల చెరువులే. సుబ్బాయమ్మ గారి భర్త కూడా ఉన్న పొలమంతా చెరువులు తవ్వించేశాడు. ఆవిడ దెబ్బలాడి ఒక్క చేను మిగుల్చుకుంది. "నా ఇంట్లో గారెలు చేపలతో వండను," అన్నది ఆవిడ వాదన. దాంతో ఆయన ఆ చేను జోలికి రాలేదు.

"రా అమ్మాయ్, రా. నీ మినుములకి ఫస్టు మార్కు వచ్చిందంటగా? భీమరాజు ఫోను చేశాడు. ముప్పైయో, నలభయ్యో."

"ముప్పై ఒకటండి."

"ఆ, అదే. ఎక్కడ పండింది మరి? ఎవరి చేను?" సుబ్బాయమ్మ గారు పొయ్యి మీద ఇనప మూకుడు పెట్టి, మినుములు పోసి, గరిటె పట్టుకున్నారు. "ఇప్పుడు నన్ను మాట్లాడించకు. సున్నుండంటే వేపుడులోనే ఉంది. ఆదమరిస్తే మాడిపోద్ది."

ఆ మాట చెప్పి ఆవిడ ఆగకుండా మాట్లాడారు. బెల్లం ఏ ఊరిది మంచిదో, తమ తోడికోడలి సున్నుండలు ఎందుకు రాయిలా ఉంటాయో, ఇరవై ఏడేళ్ళొచ్చినా ప్రణతికి నెయ్యి కాచడం ఎందుకు రాదో. మూకుడు వేడెక్కింది. గింజలు గలగలమంటున్నాయి. కమ్మటి వాసన రావాల్సిన సమయం.

సుబ్బాయమ్మ గారు మాట ఆపేశారు. ముక్కు చిట్లించారు.

"ఏంటా కంపు? గేదెల పాక తలుపు ఎవరు తీశారు?"

ఎవరూ తియ్యలేదు. ప్రణతి కళ్ళల్లోంచి నీళ్ళు వచ్చాయి, ముక్కులోంచి నెత్తి దాకా సూది గుచ్చినట్టయింది. ఆ ఘాటు ఆమెకి బాగా తెలుసు. సత్యకుమారి ల్యాబులో బిరడా ఊడిపోయిన రోజున అందర్నీ వరండాలోకి పరిగెత్తించింది ఇదే. అమ్మోనియా.

"పొయ్యి ఆపండి."

"ఇంకా ఎర్రబడందే?"

"ఆపెయ్యండి సుబ్బాయమ్మ గారూ. ఇవి తినకూడదు."

"నా ఇంట్లో, నా మూకుట్లో వేపినవి తినకూడదా! ఎవర్తోనూ ఇలా అనిపించుకోలేదు నేను," అంటూనే ఆవిడ కూడా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మూకుడు దింపేశారు. ఇద్దరూ దగ్గుకుంటూ పెరట్లోకి వచ్చి పడ్డారు.

పెరట్లో అరుగు మీద ఒక పళ్ళెం, పళ్ళెంలో ఉబ్బిన గుడ్డ సంచి, దాని మీద పొత్రం బరువు పెట్టి ఉంది. సంచిలోంచి నీళ్ళు బొట్టుబొట్టుగా కారుతున్నాయి. గుమ్మడి వడియాలకి బూడిదగుమ్మడి ముక్కలు ఉప్పేసి, మూటకట్టి, నీళ్ళు పిండుతున్నారన్నమాట. మార్చి ఎండలకి ఆ ఊళ్ళో ప్రతి పెరట్లోనూ ఉండే దృశ్యమే. కానీ ఈ సంచికి తాడు ఉంది. పక్కన నీలిముద్ర ఉంది.

"అది మా సంచి కదండీ?"

సుబ్బాయమ్మ గారు సంచి వైపు చూసి, ప్రణతి వైపు చూసి, గేదెల వైపు చూశారు. "మూడిచ్చావు. రెండు ఉతికి, ఇస్త్రీ చేసి మరీ ఇచ్చానా లేదా?"

"ఉతికారా? అంటే మిగతా రెండు కూడా వడియాలకే వాడారా?"

"పాత పంచె గుడ్డలో కడితే ముక్కలు జారిపోతున్నాయమ్మాయ్. నీ సంచులు దిట్టంగా ఉన్నాయి, పైన తాడు లాగితే బిగుసుకుంటున్నాయి. ఈసారి వడియాలు ఎలా వచ్చాయనుకున్నావ్? కావాలంటే వేయిస్తా ఉండు."

"వడియాలు తర్వాత తింటానండి. సంచుల్లో గుమ్మడికాయ ఉంటే, నా మినుములు ఎందులో ఉన్నాయి?"

"బస్తాల్లో."

"ఏం బస్తాలు?"

"రైతు ఇంట్లో ఖాళీ బస్తాలు ఏవుంటాయి? యూరియావి. వేటికవి వేరే బస్తాలో పోశాను, నువ్వొచ్చే ముందు మళ్ళీ సంచుల్లోకి మార్చాను, చీటీలు కూడా మారనివ్వలేదు. దులిపే పోశానమ్మాయ్!" ఆవిడ గొంతు పెంచారు. "మా ఇంట్లో పెసలు యూరియా బస్తాలోనే ఉంటాయి, ధనియాలు యూరియా బస్తాలోనే ఉంటాయి. వాకిట్లో కాళ్ళు తుడుచుకునేదీ అదే, మంచు పడితే గేదె మీద కప్పేదీ అదే. ఎప్పుడూ ఎవరికీ ఏమీ కాలేదు."

ప్రణతికి మూకుట్లో ఘాటు ఎక్కడిదో, కాగితం మీద అంకె ఎక్కడిదో ఒక్కసారే అర్థమైంది. కోత అయ్యాక వారం పొడుగునా మంచు. బస్తా కుట్లలో మిగిలిన యూరియా ఆ చెమ్మకి కరిగి, గింజలకి పూతలా పట్టి ఆరిపోయింది. యూరియా అంటే సగం నత్రజనే. వేడి తగిలితే అమ్మోనియా అయిపోతుంది. సత్యకుమారి యంత్రం దాన్ని కూడా పప్పు కిందే జమకట్టింది. నాటు మినుము నిజంగానే కాపీ కొట్టింది.

మరి పదిహేడు ఎంత కొట్టింది? నాటుకి నాలుగు మార్కులు కలిస్తే, దీనికీ నాలుగే కలిశాయనుకోవడానికి లేదు. వేరే బస్తా. ఆ బస్తాలో ఏడు మార్కుల యూరియా ఉండి ఉంటే, పదిహేడు కూడా ఇరవై నాలుగే. అప్పుడు అడవి మినుముతో చేసిన పెళ్ళికి పుట్టింది ఉత్త మామూలు పిల్ల, ఇన్నేళ్ళ పని వృథా.

"ఇప్పుడు నీకేమన్నా ఇబ్బందా?" సుబ్బాయమ్మ గారి గొంతు తగ్గింది.

"రేపు చెప్తానండి," అంది ప్రణతి స్కూటీ తిప్పుతూ. "ఆ మూకుడు బాగా తోమించండి. గింజలు గొయ్యి తీసి పాతెయ్యండి, గేదెలకి పెట్టకండి."

శనివారం ఉదయం ల్యాబులో ఇద్దరు అమ్మాయిలు మినుములు కడుగుతున్నారు. విత్తనానికని దాచినవాటిలోంచి రెండు రకాలూ గుప్పెడు గుప్పెడు తీసి, నానిపోయేంత సేపు ఉంచకుండా గబగబా కడిగి, నీళ్ళు మార్చి మళ్ళీ కడిగి, బట్ట మీద పరిచి ఫ్యాను వేశారు. సత్యకుమారి మొదటిసారి కడిగిన నీళ్ళు పారబొయ్యకుండా పరీక్షించింది. అందులో యూరియా ఉందని తేలడానికి ఆట్టే సేపు పట్టలేదు.

"మూడుసార్లు చేశానే," అంది సత్యకుమారి కచ్చగా. "మూడుసార్లూ కరెక్టుగా ఎరువుని కొలిచాను."

గింజలు పొడి చేసి, యాసిడ్‌లో మరగబెట్టేసరికి భీమరాజు గారు చేతిలో పేపరుతో వచ్చారు. జిల్లా పేజీలో ఆయన ఫొటో, పక్కన 'మాంసకృత్తుల మినుము' అన్న హెడ్డింగు, ముప్పై ఒక శాతం అని లావు అక్షరాలు. ఆయన మొహంలో ఆ లావు అక్షరాల వెలుగింకా ఉంది. ప్రణతి జరిగింది చెప్తుంటే అది మెల్లిగా ఆరిపోయింది.

"యూరియా బస్తానా!" ఆయన స్టూలు మీద కూలబడ్డారు. "పేపర్లో వచ్చేసిందమ్మా. మా వియ్యంకుడు భీమవరం నుంచి ఫోను చేసి మరీ అభినందించాడు." కాసేపు ఆలోచించి గొంతు తగ్గించారు. "పోనీ సోమవారం సమావేశం కానిచ్చేసి, ఆ తర్వాత కడిగినట్టు అనుకుంటేనో?"

"సార్, సీటు వచ్చాక విత్తనం అన్ని కేంద్రాలకీ వెళ్తుంది. వాళ్ళు వాళ్ళ చేలో పండించి, వాళ్ళ ల్యాబులో చూస్తారు. వాళ్ళకి సుబ్బాయమ్మ గారి బస్తా ఉండదు కదండీ? మనం ముప్పై ఒకటి అని చెప్పి, వాళ్ళకి ఇరవై ఏడు వచ్చిందనుకోండి, అది మంచి మినుము అని ఎవరూ అనరు. వీళ్ళు అబద్ధాలకోరులంటారు. మనమే ఇరవై ఏడు అని చెప్పి, వాళ్ళకి ఇరవై ఏడే వస్తే, ఇక పదిహేడుని ఆపేవాడు లేడు."

"ఇరవై ఏడని నీకెలా తెలుసు? ఇరవై నాలుగు వస్తేనో?"

"వస్తే శ్రీనివాసరాజు గారి లావు గింజ వెళ్తుందండి. ఆయనకి పూలదండ నేనే తెస్తాను."

ధైర్యంగా అనేసింది గానీ, సత్యకుమారి గాజుగొట్టం కింద కుప్పె పెట్టేసరికి ప్రణతి చేతులు గట్టిగా కట్టుకుని నిలబడింది. కుప్పెలో నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. పైనుంచి ఒక్కో బొట్టూ పడుతోంది. ఎన్ని బొట్లు పడ్డాక రంగు మారితే అంత ప్రొటీన్.

ముందు నాటు మినుము. గులాబీ రంగు తిరిగింది. సత్యకుమారి లెక్క కట్టింది. "ఇరవై నాలుగు. మొద్దు మొద్దే."

తర్వాత పదిహేడు. బొట్లు పడుతున్నాయి. నాటు మినుము రంగు మారిన గీత దగ్గరికి వచ్చింది. భీమరాజు గారు కళ్ళజోడు తీసేశారు, భయానికి. గీత దాటింది. ఆకుపచ్చే. ఇంకో బొట్టు. ఆకుపచ్చే. ప్రణతి కట్టుకున్న చేతులు విప్పేసింది. ఇంకా ఆకుపచ్చే. చివరికి ఒక్క బొట్టుకి నీళ్ళన్నీ గులాబీ అయిపోయాయి.

"ఇరవై ఏడు పాయింట్ నాలుగు," అంది సత్యకుమారి. వెంటనే ఇంకో కుప్పె పెట్టింది. మళ్ళీ అదే. మళ్ళీ అదే.

"అడవి తల్లి పోలికే," అంది ప్రణతి. ఆమెకి ముప్పై ఒకటి విన్నప్పుడు రాని నవ్వు అప్పుడు వచ్చింది.

సోమవారం కాకినాడలో భీమరాజు గారు మైకు దాకా వెళ్ళి, పేపర్లో ఫొటో గుర్తొచ్చిందేమో, వెనక్కి వచ్చేశారు. "నువ్వే చెప్పుకోమ్మా. నీ పిల్ల, నీ పెళ్ళి."

ప్రణతి చెప్పింది. ఏ మినుముని ఏ మినుముతో కలిపిందో, ఎన్ని పారేసిందో, చివరికి ఇరవై ఏడు పాయింట్ నాలుగు ఎలా నిలిచిందో. ముందు వరసలో శ్రీనివాసరాజు గారు చెయ్యెత్తారు.

"శనివారం పేపర్లో ముప్పై ఒకటి చదివామండి. రెండు రోజుల్లో మూడున్నర శాతం ఎక్కడికి పోయిందండి?"

"కడిగితే పోయిందండి. అది యూరియా."

హాలంతా గొల్లుమంది. ఆమె ఆగి, నవ్వు తగ్గాక, గుడ్డ సంచుల దగ్గర్నుంచి గుమ్మడి వడియాల దాకా, సున్నుండల మూకుడు దాకా ఏమీ దాచకుండా చెప్పింది. రాయలసీమ కేంద్రం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మాత్రం నవ్వకుండా అడిగింది. "పోలికకి వేసిన నాటు రకాన్ని కూడా కడిగారా?"

"కడిగామండి. ఇరవై నాలుగు."

"అంటే మూడు శాతం పైచిలుకు తేడా నిజం." ఆవిడ తన కాగితం మీద ఏదో రాసుకుంది. "పెద్ద అంకె కంటే నిజమైన అంకే గట్టిది."

అప్పుడు ప్రణతి కావాలని కాదు గానీ, కొంచెం కావాలనే ఒక మాట అంది. "ఇంకొక్కటండి. రైతుల చేలల్లో పండించిన గింజ యూరియా బస్తాలో నిలవున్నది మా ఊళ్ళోనే కాకపోవచ్చు. మిగతా కేంద్రాలవారు కూడా ఒకసారి కడిగి చూసుకుంటే మంచిదేమో."

హాల్లో నవ్వు ఆగిపోయింది. వెనక వరసలో ఒకాయన మెల్లిగా లేచి బయటికి వెళ్ళాడు. ఇంకొకాయన. కాజాల పళ్ళెం వరండాలోకి వచ్చేసరికి, సమావేశం జరిగే హోటలు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ దగ్గర, తమ ల్యాబులకి ఫోను చెయ్యడానికి నలుగురు సైంటిస్టులు లైనులో నిలబడి ఉన్నారు. శ్రీనివాసరాజు గారు వాళ్ళలో మూడోవారు.

సీటు పదిహేడుకి వచ్చింది. భీమరాజు గారు రెండు కాజాలు తిని, వియ్యంకుడికి ఫోను చేసి, "ముప్పై ఒకటి కాదు బావగారూ, ఇరవై ఏడు, కానీ ఒరిజినల్," అని చెప్పారు.

మర్నాడు ప్రణతి సుబ్బాయమ్మ గారి ఇంటికి వెళ్ళింది. కడిగి ఎండబెట్టిన పదిహేడో నంబరు మినుములు కొద్దిగా తెచ్చింది, ఈసారి స్టీలు డబ్బాలో. ఆవిడ ముందు నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని వాసన చూశారు. తర్వాత మూకుట్లో వేశారు. ఇల్లంతా కమ్మగా అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడలేదు, ఆవిడ చరిత్రలో మొదటిసారి.

"వచ్చే ఏడు కూడా నా చేలోనే వేస్తావా?" అని అడిగారు ఉండ చుడుతూ, పక్కకి చూస్తూ.

"మీ చేలోనే వేస్తానండి. కాకపోతే ఒక షరతు."

"ఏంటో చెప్పు. బస్తాల జోలికి వెళ్ళను, ఒట్టు."

ప్రణతి స్కూటీ డిక్కీలోంచి మూట తీసి అరుగు మీద పెట్టింది. కొత్త గుడ్డ సంచులు, తాళ్ళతో సహా. కొన్నిటి మీద కేంద్రం నీలిముద్ర. మిగతావాటి మీద ఆమె స్వయంగా, చెరగని ఎర్ర సిరాతో, పెద్ద అక్షరాలతో రాసింది: గుమ్మడికాయ.

సుబ్బాయమ్మ గారు ఒక సంచి తీసి, తాడు లాగి చూసి, మళ్ళీ వదులు చేసి చూశారు.

"ఇవి కాస్త చిన్నవయ్యాయి అమ్మాయ్," అన్నారు.